వెనక చక్రానికి కొలతలు

డిపోలో జరిగిన వీడ్కోలు సభలో మేనేజరు మర్యాదకి అడిగాడు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకుంటారు కదా అని. అక్క చేతిలోని పూలగుత్తిని పక్కనున్న కండక్టరుకిచ్చి మైకు అందుకుంది.

"విశ్రాంతా? ఇరవై ఎనిమిదేళ్లు సిటీ బస్సు నడిపానండీ. కాస్త ఊపందుకుందో లేదో స్టాపు వచ్చేది. ఇప్పుడిక ఎక్కడా ఆగకుండా, పక్కకి తిరక్కుండా, తిన్నగా ఎంత వేగంగా పోగలనో అంత వేగంగా పోవాలనుంది."

హాలంతా గొల్లుమంది. వెనక వరసలో కూర్చున్న చెల్లెలు మాత్రం నవ్వలేదు. అక్క సరదాకి ఏదైనా అంటే ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది. ఆ రోజు లేవలేదు.

ఈ చెల్లెల్ని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. అక్క కూడా కోపం వచ్చినప్పుడు "ఏమే టైలరమ్మా" అనే అంటుంది. ఇద్దరికీ ఆరేళ్ల తేడా. ఒకే వీధిలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. టైలరమ్మది ముందు గదిలో కుట్టుమిషను, పెద్ద కోత బల్ల, గోడకి కత్తెరలు. అక్కది టైర్ల దుకాణం. అంటే బావది. ముప్పై ఏళ్లుగా టైర్లు అమ్ముతున్నాడు, మారుస్తున్నాడు, పంచర్లు వేయిస్తున్నాడు. కారు ఇంకా సందు మలుపు తిరగకముందే చప్పుడు విని "ముందు ఎడమదానిలో గాలి తక్కువ" అనగలడు. టైర్ల విషయంలో ఆయన మాటకి ఎదురు చెప్పినవాళ్లు లేరు. తక్కిన అన్ని విషయాల్లోనూ అక్క చెబుతుంది.

రిటైరైన వారం తిరక్కుండానే అక్క ఒక పాత కారుని తాడు కట్టి లాక్కొచ్చింది. పొడుగాటి ముక్కు, వెనక చక్రాలు తోసే రకం, రంగంతా పొలుసులు లేచిపోయింది. దుకాణం వెనక షెడ్డులో దాన్ని నిలబెట్టి, మొగుడూ పెళ్లాలు తొమ్మిది నెలలు దాని మీదే పడ్డారు. ఇంజను విప్పారు, బిగించారు, మళ్లీ విప్పారు. వెనక సీటు పీకేశారు. కొత్త సీటుకి తొడుగు కుట్టిపెట్టమంటే టైలరమ్మ కుట్టిపెట్టింది. అప్పుడే అడిగింది, ఇంతకీ దీంతో ఎక్కడికి వెళ్తావని.

"ఎక్కడికీ వెళ్లను. డ్రాగ్ రేసు."

విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. నెలకోసారి ఆదివారం పొద్దున్నే ఒక క్లబ్బువాళ్లు అక్కడ పందేలు పెడతారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. మధ్యలో ఒక స్తంభం, దానికి దీపాలు. పసుపు దీపాలు ఒకదాని కింద ఒకటి వెలుగుతూ వచ్చి పచ్చదీపం పడగానే తొక్కాలి. పావు మైలు. మలుపు లేదు, ఎగుడు లేదు, దిగుడు లేదు. పదిహేను పదహారు సెకన్లలో అంతా అయిపోతుంది.

"ఇంతేనా?" అంది టైలరమ్మ. "సూదిలో దారం ఎక్కించేంత సేపు కూడా లేదు కదే!"

"నీకు కళ్లజోడు మార్చాలి," అంది అక్క.

మొదటి ఆదివారం మామూలు రోడ్డు టైర్లతోనే వెళ్లారు. టైలరమ్మని గొడుగు పట్టుకోడానికని తీసుకెళ్లారు. పచ్చదీపం పడింది. అక్క తొక్కింది. వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి తెల్లటి పొగ లేపాయి తప్ప కారు కదల్లేదు. పక్క కారు చాలా దూరం పోయాక, అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు బయల్దేరింది. పదహారు పాయింట్ మూడు సెకన్లు. అయినా అక్క దిగి వచ్చేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. అరవై ఏళ్ల మనిషి కాదు, జాతరలో రంగులరాట్నం దిగిన పిల్ల.

"పట్టు చాలట్లేదు," అని తేల్చాడు బావ, పొగ వాసన పీలుస్తూ. "టైరు నేలని పట్టుకోవాలి. పెద్ద టైర్లు పడాలి దీనికి. నాకు వదిలెయ్యండి."

వదిలేశారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి కాక ఇంకెవరికి వదుల్తారు?

మూడు వారాల తర్వాత వచ్చాయి ఆ రెండు టైర్లు. వాటిని చూడ్డానికి వీధిలో సగం మంది దుకాణం ముందు చేరారు. గీతల్లేని నున్నటి నల్లటి టైర్లు. ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు, పదకొండు అంగుళాల వెడల్పు. బావ ఒకదాని మీద చెయ్యి వేసి నిలబడ్డ తీరు చూస్తే, పక్కనున్నది టైరు కాదు, ఫస్టు క్లాసులో పాసైన కొడుకు అనుకోవాలి. వాటిని కారుకి ఎక్కించడానికి చక్రం మీద కప్పే రేకు, అదే ఫెండరు, లోపలి అంచు కొంత కోయాల్సి వచ్చింది, కొంత సుత్తితో వంచాల్సి వచ్చింది. ఎక్కాక మాత్రం కారు వెనక నుంచి ఎద్దులా కనబడింది.

"దీన్నంటారు టైరని," అన్నాడు బావ.

రెండో ఆదివారం అక్కకి జోడీగా పశువుల డాక్టరు పడ్డాడు. ఆయనది ఎర్రటి బుల్లి కారు. దాని డిక్కీలో ఎప్పుడూ గడ్డి వాసన. నవ్వితే నాలుగు కార్ల అవతలికి వినబడుతుంది. అక్క కారు వెనక్కి వెళ్లి ఆ టైర్లు చూసి రెండు చేతులూ ఎత్తేశాడు.

"అక్కగారూ, నేను ఇప్పుడే ఓడిపోయానని రాసిచ్చేస్తాను. ఊరికే ఎందుకు ఎండలో?"

పచ్చదీపం పడింది. ఈసారి పొగ లేదు. చక్రాలు జారలేదు. కానీ ఇంజను గొంతులో ఏదో అడ్డం పడినట్టు "గుర్ర్ర్" అని ఊపిరి బిగపట్టి, నీరసంగా, బరువుగా కదిలింది కారు. వేగం అందుకునేసరికి బుల్లి కారు తోక కనబడుతోంది. చివరికి అదీ కనబడలేదు. పదహారు పాయింట్ ఆరు. పాత టైర్ల కంటే నెమ్మది!

డాక్టరుకే నమ్మకం కుదరలేదు. క్లబ్బువాళ్లు టైము రాసిచ్చిన కాయితం రెండుసార్లు చూసుకున్నాడు. ఆయన ఆ రోజు నవ్వలేదు, అదొక్కటే అక్కకి మరీ బాధగా అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు, కారుని వెనక ఎక్కించుకున్న ట్రక్కులో, ముగ్గురూ ఒకే సీటు మీద కూర్చున్నారు. బావ మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఇంజన్లో దమ్ము లేదు. ఇంజను మార్చాలి," అన్నాడు చివరికి.

"ఇంజన్లో కాదులెండి, నాలోనే లేదు," అంది అక్క కిటికీలోంచి చూస్తూ. "బస్సు తోలిన కాలు. మెల్లగా తొక్కడం అలవాటైపోయింది. ఈ వయసులో ఈ పిచ్చి ఏమిటో."

అక్క అలా మాట్లాడ్డం టైలరమ్మ ఎప్పుడూ వినలేదు. మధ్యలో ఇరుక్కుని కూర్చున్న ఆమెకి ఒక మాట చాలాసేపటి నుంచి నోటిదాకా వచ్చి ఆగుతోంది. గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషికి చూడ్డం తప్ప పనేముంటుంది? కారు లైనులో నిలబడ్డప్పుడు ఆమె చూసింది. ఆ టైరు ముఖం నేలకి పూర్తిగా ఆనలేదు. నడుం దగ్గర పొంగి, రెండు అంచులూ కొంచెం పైకి లేచి ఉన్నాయి. లోపల ఫెండరుకి టైరు రాసుకుని మెరుస్తున్న చార కూడా కనబడింది.

"బావా, ఆ టైర్లకి కొలతలు ఎవరు తీశారు?"

"కొలతలేమిటి?"

"అంటే, ఈ కారుకి ఇంత పడుతుందని ఎలా తెలిసింది?"

"ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దవి తెచ్చాను," అన్నాడు బావ, అదొక ప్రశ్నా అన్నట్టు.

దిగేటప్పుడు టైలరమ్మ, "సాయంత్రం టేపు తీసుకొస్తాను, కారు బయటికి తియ్యకండి," అంది.

అన్నట్టే టీ వేళకి వచ్చింది, మెడలో టేపు వేసుకుని, జేబులో బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క వేసుకుని. బావకి ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పకుండా, ఒక మూల స్టూలు మీద కూర్చుని పాత ట్యూబుకి అతుకు వేస్తున్నట్టు నటించాడు.

మొదట వెనక చక్రం కూర్చునే గూడు కొలిచింది. లోపలున్న స్ప్రింగు కమాను పట్టీ నుంచి బయటి అంచుకి పదిన్నర అంగుళాలు. తర్వాత టైరు తొడిగే ఇనప రిమ్ము వెడల్పు. ఏడు.

"పదిన్నర గూట్లోకి పదకొండు పెట్టారు. పైగా బరువు పడితే టైరు పక్కలకి పొంగుతుంది కదా బావా? నిలబడ్డప్పుడు సరిపోయిన ప్యాంటు కూర్చుంటే బిగిసినట్టు. అటూ ఇటూ వేలెడు సందు ఉండాలి."

బావ ట్యూబు మీద మరింత శ్రద్ధ చూపించాడు.

"ఇంక రిమ్ము ఏడే. పదకొండు టైరుని ఏడు రిమ్ముకి ఎక్కిస్తే అంచులు లోపలికి లాక్కుంటాయి, మధ్య పొంగుతుంది. అక్కా, ఎక్కు. నేను గీత గీస్తాను, నువ్వు గట్టిగా తొక్కి ఆ గోడదాకా వెళ్లి ఆగు."

టైరు ముఖం మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, ఒక చోట అడ్డంగా సుద్దతో బెత్తెడు వెడల్పు పట్టీ వేసింది. అక్క తొక్కింది. గోడ దగ్గర ఆగింది. ముగ్గురూ వంగి చూశారు. సుద్ద మధ్యలో నాలుగైదు అంగుళాలే చెరిగింది. అటూ ఇటూ పెళ్లికూతురి బుగ్గన చుక్కలా చెక్కు చెదరకుండా ఉంది.

"పదకొండు అంగుళాలు మోస్తున్నాం, ఐదు అంగుళాలే పని చేస్తోంది," అంది టైలరమ్మ.

ఆ మాట అనాల్సిన తీరు అది కాదేమో. బావ లేచి నిలబడ్డాడు.

"చూడు మరదలా. చొక్కాలు వేరు, టైర్లు వేరు. నేను నీ దగ్గరికొచ్చి చంక దగ్గర ఎంత కత్తిరించాలో చెప్పానా ఎప్పుడైనా?"

"చెప్పారు. పోయినేడాది రెండుసార్లు."

అక్కకి నవ్వొచ్చింది గానీ, మొగుడి మొహం చూసి ఆపుకుంది. ఆపుకోవడమే కాదు, "పోనీలేవే, ముప్పై ఏళ్లుగా టైర్లతోనే బతుకుతున్న మనిషి. ఆయనకి తెలీదా?" అంది.

టైలరమ్మ టేపు చుట్టుకుని ఇంటికి వచ్చేసింది. కోపం కాదు. ఎక్కడో కొంచెం చివుక్కుమంది, అంతే. ఆ సాయంత్రం మిషను మీద రెండు జేబులు తిరగేసి కుట్టి విప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. తల ఎత్తి చూస్తే బావ. చేతిలో ఒక సంచీ, సంచీలో కుట్టు ఊడిన ప్యాంటు. అది వంకని ఇద్దరికీ తెలుసు. ఊడిన కుట్టు బొటనవేలంత కూడా లేదు.

"పొద్దున్న ఒక్కణ్ణే వెళ్లి ఆ సుద్ద మళ్లీ వేసి చూశాను," అన్నాడు కూర్చోకుండానే. "గాలి పెంచి చూశాను, తగ్గించి చూశాను. నువ్వన్నదే. మధ్యలోనే ఆనుతోంది."

"కూర్చోండి బావా."

"వెడల్పు సంగతి ఒప్పుకున్నాను. కానీ ఎత్తు? ఎత్తుగా ఉంటే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది కదా? మంచిదే కదా?"

టైలరమ్మ కత్తెర పక్కన పెట్టింది. ఆ సంగతి ఆమె రాత్రి మంచం మీద ఆలోచించి పెట్టుకుంది. అక్కకి ఫోను చేసి, గుడ్డ మిగిలిందా అని అడిగినంత మామూలుగా ఒక ప్రశ్న అడిగి జవాబు కూడా తెచ్చుకుంది.

"నిన్న చివరి గీత దాటేటప్పుడు ఇంజను చుట్లు చూపించే ముల్లు ఎక్కడుందని అక్కని అడిగాను. ఐదు వేల దగ్గర ఉందట. మీ ఇంజనుకి పూర్తి బలం ఎంత దగ్గర?"

"ఆరు వేలు."

"మరి ఆ ఆఖరి వెయ్యి ఎక్కడికి పోయింది? తొమ్మిది నెలలు కష్టపడి ఇద్దరూ తయారు చేసిన వెయ్యి."

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎత్తు టైరు ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, నిజమే. కానీ ఆ చుట్టు తిప్పడానికి ఇంజను ముక్కాలి. బయల్దేరేటప్పుడు అందుకే గుర్రుమంది. పెద్ద చక్రాల సైకిలు చిన్న పిల్ల తొక్కినట్టు. అందుకని పావు మైలు అయిపోతోంది గానీ ఇంజను తన బలం దాకా రావట్లేదు."

ఆమె బల్ల మీద సుద్దతో లెక్క వేసింది. నిన్న బావ అటు తిరిగి కూర్చున్నప్పుడు ఆమె ఇంకొక పని కూడా చేసింది. టైరు మీదా నేల మీదా గుర్తు పెట్టి, కారుని ఒక్క చుట్టు ముందుకి తోయించి, ఆ దూరం కొలిచింది. టేపు అరవై అంగుళాలే, అందుకని రెండు విడతలుగా. ఎనభై ఎనిమిది వచ్చింది.

"ఎనభై ఎనిమిదికి ముల్లు ఐదు దగ్గర ఆగింది. ఆరు దగ్గరికి రావాలంటే ఎనభై ఎనిమిదిని ఐదుతో గుణించి ఆరుతో భాగించాలి. డెబ్భై మూడు. కానీ సరిగ్గా డెబ్భై మూడు పెట్టకూడదు. ఎందుకంటే అప్పుడు కారు ఇంకా వేగంగా పోతుంది కదా, చివర్లో ముల్లు ఆరు దాటిపోతుంది. ఎదిగే పిల్లకి గౌను కుట్టినట్టు లోపల కొంత గుడ్డ వదలాలి. నాలుగు అంగుళాలు వదిలాను. డెబ్భై ఏడు చుట్టుకొలత. అంటే ఎత్తు ఇరవై నాలుగున్నర."

బావ ఆ అంకెల్ని పైకి చదువుకున్నాడు. జేబులోంచి టైర్ల కంపెనీవాళ్ల సైజుల పట్టీ తీశాడు. అది ఆయన వెంట తెచ్చుకున్నాడంటేనే టైలరమ్మకి సంగతి అర్థమైంది. వేలు పెట్టి వరసలు వెతికాడు.

"ఉంది," అన్నాడు మెల్లగా. "ఎత్తు ఇరవై నాలుగున్నర. వెడల్పు ఎనిమిదిన్నర. పదిహేను అంగుళాల ఎత్తు రిమ్ముకి. రిమ్ము వెడల్పు ఏడు అంగుళాలు చాలు అని కూడా రాశారు." పట్టీ మడిచి, ఆగి, "ముప్పై ఏళ్లు, మరదలా! ఎవడొచ్చినా కారు పేరు అడిగి, కంపెనీవాడు రాసిన సైజు తీసిచ్చాను. ఒక్కసారీ నా అంతట నేను సైజు కట్టాల్సిన పని పడలేదు. పడినరోజున పెద్దది ముద్దొచ్చి పెద్దది తెచ్చేశాను," అన్నాడు.

"అందరూ అంతే బావా. అంకె నచ్చితే కొలత అక్కర్లేదనుకుంటారు. మీ నడుమే చూడండి."

"నా నడుముకేమైంది? ముప్పై నాలుగు. పెళ్లినాటి నుంచీ ముప్పై నాలుగే."

టైలరమ్మ సొరుగులోంచి కొలతల పుస్తకం తీసి ఆయన పేజీ తిప్పి ముందు పెట్టింది. పైన పెద్దక్షరాలతో 34 అని ఉంది. ఆ పక్కన, ఆమెకి మాత్రమే తెలిసేలా, చిన్న చుక్క.

"ఆ చుక్కేమిటి?"

"ముప్పై ఎనిమిది. పన్నెండేళ్లుగా ముప్పై ఎనిమిదే కుడుతున్నాను. మీరు బాధపడతారని ముప్పై నాలుగు అని రాస్తున్నాను."

బావ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. ఆ తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, చివరికి బల్ల పట్టుకుని, కళ్లనీళ్లు కారిపోయేలా. ఆ చప్పుడుకి వీధి అవతలి చివర నుంచి అక్క పరిగెత్తుకొచ్చింది, ఏమైందోనని. విషయం తెలిశాక ఆవిడ కోత బల్ల మీద వాలిపోయి నవ్వింది. నవ్వి, కాస్త తేరుకున్నాక, "నిన్న నీ తరఫున మాట్లాడలేదే నేను," అంది. "మాట్లాడకపోతే పోనీలే, లే, ఆ గుడ్డ నలుగుతోంది," అంది టైలరమ్మ. వాళ్లిద్దరి మధ్యా క్షమాపణలు ఎప్పుడూ అంతకంటే పొడుగ్గా ఉండవు.

పెద్ద టైర్లని బావే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చేసి, కొత్తవి తెచ్చాడు. వాటిని చూడ్డానికి వీధిలో ఎవరూ రాలేదు. రావడానికి వాటిలో ఏముంది? మామూలు టైర్ల కంటే కొంచెం లావు, అంతే. గూట్లో చక్కగా, ఎక్కడా రాసుకోకుండా, రెండు పక్కలా వేలెడు సందుతో కూర్చున్నాయి. బావ మోకాళ్ల మీద కూర్చుని ఆ సందులో తన వేలే దూర్చి చూసుకున్నాడు. అన్ని వైపులా. రెండేసి సార్లు.

మూడో ఆదివారం ఆకాశం తేటగా ఉంది. రన్‌వే పక్క గడ్డి మీద కుర్చీలు వేసుకున్నారు. ఈసారి గొడుగు పట్టుకోడానికి ఎవరూ లేరు. టైలరమ్మకి వేరే పని ఉంది.

మొదటి పరుగుకి అక్క వెనక చక్రాల్ని నీళ్లగుంటలో ఉన్నచోటే గిరగిరా తిప్పి, పట్టు వచ్చేలా రాపిడితో వేడి చేసింది. లైను మీదికి వచ్చింది. పచ్చదీపం. చక్రాలు కొంచెం జారాయి. పదహారు పాయింట్ ఒకటి.

బావ మొహం వాడిపోయింది. "మళ్లీ జారింది," అన్నాడు. "ఇప్పుడేం చేద్దాం?"

ఆయన ఆ ప్రశ్న మరదల్ని అడగడం అక్క విని, హెల్మెట్టు లోపలే నవ్వుకుంది.

"కుట్టాక ఒకసారి తొడిగి చూడకుండా ఎవరికైనా ఇస్తామా బావా? గాలి ఎంత పెట్టారు?"

"ఇరవై నాలుగు."

సుద్ద పట్టీ వేశారు. అక్క నాలుగు కార్ల దూరం గట్టిగా తొక్కి ఆగింది. ఈసారి ముఖం దాదాపు అంతా ఆనింది గానీ, అంచుల్లో వేలెడు వెడల్పున సుద్ద మిగిలింది. బావ తనంత తనే గాలి వదలడం మొదలుపెట్టాడు. ఇరవై. మళ్లీ సుద్ద. పద్దెనిమిది. మళ్లీ సుద్ద. పదిహేడు దగ్గర సుద్ద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకేలా చెరిగిపోయింది. బావ ఆ టైరుకేసి, ఇస్త్రీ చేసిన బట్టని చూసినట్టు చూశాడు.

"ఇది," అన్నాడు. "ఇదీ."

రెండో పరుగు. చక్రాలు జారలేదు, ఇంజను గుర్రుమనలేదు. కారు ముక్కు కొంచెం పైకి లేచి, వెనక ఒదిగి, అమాంతం దూసుకుపోయింది. పదిహేను పాయింట్ ఎనిమిది. బావ గాల్లోకి ఎగిరాడు. ఎగిరాడంటే, ముప్పై ఎనిమిది నడుము ఎంత ఎగరగలదో అంత.

మూడో పరుగుకి జోడీగా పశువుల డాక్టరు వచ్చాడు. బుల్లి కారు దిగి అక్క వెనక టైర్లు చూశాడు.

"అదేమిటి అక్కగారూ, చిన్నవి వేశారేం? మా మీద జాలా?"

"మా చెల్లెలు కొలిచి కుట్టించింది," అంది అక్క. "పదండి లైనుకి."

పసుపు. పసుపు. పసుపు. పచ్చ. రెండు కార్లూ ఒకేసారి కదిలాయి. సగం దూరం దాకా ఎవరు ముందో చెప్పడం కష్టమైంది. టైలరమ్మ రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకుంది. ఇంజను గొంతు పైకి, ఇంకా పైకి పోతోంది, గేరు మారింది, మళ్లీ పైకి. ఆ గొంతులో ఈసారి ఇబ్బంది లేదు. పాట సరిగ్గా తన శ్రుతిలో దొరికిన మనిషి గొంతు అది. అక్క కారు పొడుగాటి ముక్కు ఎర్రకారుని దాటింది, కొంచెమే, కానీ దాటింది. గీత దాటేశారు.

అవతలి చివర బోర్డు మీద అంకెలు వెలిగాయి. ఎర్రకారు పదిహేను పాయింట్ ఏడు. అక్కది పదిహేను పాయింట్ ఆరు.

డాక్టరు నవ్వు రన్‌వే అవతలి చివర నుంచి ఇక్కడికి వినబడింది. నిజంగా వినబడింది, అది ఎవరూ కల్పించింది కాదు. తిరిగి వస్తూ ఆయన కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ అక్కకి సలాం కొడుతూనే ఉన్నాడు.

అక్క కూడా వెనక్కి వచ్చి కారు ఆపి, దిగకుండా స్టీరింగు మీద తల ఆనించి కూర్చుంది. టైలరమ్మ కంగారుగా పరిగెత్తింది.

"ఏమైందే? అక్కా!"

అక్క తల ఎత్తింది. హెల్మెట్టు తీస్తే జుట్టంతా నుదుటికి అంటుకుపోయి ఉంది. కళ్లనిండా నీళ్లు, నోరంతా నవ్వు.

"ముల్లు," అంది ఊపిరి తీసుకుంటూ. "గీత దాటేటప్పుడు చూశాను. ఆరు వేలు. సరిగ్గా ఆరు మీద, గీత మీద వాలినట్టు. కాలు బాగానే ఉందే నాది. బస్సు తోలిన కాలే, బాగానే ఉంది!"

ఇద్దరూ కిటికీలోంచే వాటేసుకున్నారు. తలుపు తీస్తే సులువుగా ఉండేదని ఇద్దరికీ తట్టలేదు. బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. వంగి వెనక టైరు మీద అరచేత్తో తట్టాడు. వేడిగా ఉంది. "అబ్బ!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అంతలో పశువుల డాక్టరు వచ్చి టైలరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా బండికి కూడా ఒకసారి కొలతలు తీసిపెట్టరా? ఓడిపోయినవాణ్ణి, కాదనకూడదు."

"ఓడించినవాళ్లని అడగండి," అంది టైలరమ్మ, అక్క కేసి చూపించి.

"తియ్యవే," అంది అక్క. "సరైన టైర్లు వేసుకున్నాక కూడా ఓడిపోతే అప్పుడు చూడాలి ఆయన మొహం."

డాక్టరు పడీపడీ నవ్వాడు. బావ గాలి కొలిచే మీటరు తీసుకుని ఎర్రకారు వైపు అప్పుడే నడుస్తున్నాడు, "మీ రిమ్ము వెడల్పెంత? తెలీదా? అయ్యో, అది తెలీకుండా ఎలాగండీ!" అని గదమాయిస్తూ.

లైను దగ్గర కార్లు తక్కువగా ఉన్నాయి. జెండా పట్టుకున్నాయన ఇంకెవరైనా ఉన్నారా అని చేత్తో పిలుస్తున్నాడు. అక్క హెల్మెట్టు మళ్లీ తగిలించుకుంది.

"ఎక్కడికే? ఇప్పుడేగా వచ్చావు. కాస్త నీళ్లు తాగు."

"తర్వాత తాగుతాను. పక్కకి జరుగు, నీ కాలు చక్రానికి అడ్డం ఉంది," అంది అక్క, గేరు వేస్తూ.

టైలరమ్మ జరిగింది.